నేస్తరికము – బేరము

లోకములో వర్తకము రెండు విధములైన నమ్మకములపై నడచుచున్నది. ఒకటి వ్రాతపై నమ్మకము. రెండవది మొగముపై నమ్మకము. పెద్ద పట్టణములో బట్టల యంగడికి పోయినవాడు అంగడివాని ఊరుపేర్ల నడుగడు. వెల చూచును, రొక్క మిచ్చును, సరకు పుచ్చుకొని పోవును. మోసము జరిగినయెడల న్యాయస్థాన మున్నది. ఆ యంగడి నచ్చకున్న ప్రక్కనే మఱియొక యంగడి యున్నది. చిన్న సీమలో నట్లు కాదు. అచ్చట అంగళ్లు ఒకటి రెండు, త్రోవ యొక్కటి. నేడు బేరమాడిన యిద్దఱును రేపు ఏటియొద్దనో పెండ్లిపందిరిలోనో మరల నెదురుపడక తప్పదు. కావున అట్టి తావులకు పొట్ట చేతబట్టుకొని పోయిన పరదేశి ధనముకంటె ముందు పరిచయమును సంపాదించుకొనవలసి యున్నది. పరిచయమే వాని మూలధనము. ఆ మూలధనమునకు వడ్డి యెవరు చెల్లించుచున్నారు? బేరము కొఱకు కట్టిన నేస్తరికము ధర్మమా, యధర్మమా? ఈ ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

చిన్న దేశమనగా సముద్రమధ్యమందలి ద్వీపమే కానక్కఱలేదు. ఘాటుదారి యెక్కినచో మన యింటి ప్రక్కనే యట్టి దేశము గలదు. విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 900 మీటర్లకు మించిన యెత్తున, తూర్పుకనుమల నడుమ అరకులోయ యున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి యిది, పాడేరు ముఖ్యపట్టణముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు, ఖోందులు మొదలగు తెగలవా రచ్చటి నివాసులు. ఇండ్లలో వేర్వేఱు మాట లుండినను సంతలో ఆదివాసీ ఒడియా పలువురకు ఉమ్మడిగా చెల్లుచుండును. బైలదిల్లా యినుపరాతిని రేవునకు దింపుటకై 1960వ దశకమున కొత్తవలసనుండి కిరండోలువఱకు రైలుదారి వేయువఱకును ఈ లోయకును మైదానమునకును గల రాకపోకలన్నియు ఘాటుదారులమీదను కాలిబాటలమీదను నడచుచుండెను. నేటికిని ఆ సీమలో ఇచ్చిపుచ్చుకొనుటలకు వారపుసంతయే ముఖ్యస్థానము. పసుపు, పిప్పళ్లు, వలిసెలు, రాజ్మా, అల్లము, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు దిగుటకును, ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, నూనె ఎక్కుటకును సంతయే వాకిలి.

ఆ వాకిట నిలిచినవాడు మైదానపు వర్తకుడు. అతడు మొదట నొంటరిగా వచ్చును. అతనికి భాష రాదు. ఎవరి మెట్టలో పంట యెంతయో, ఎవడు మాట నిలుపుకొనువాడో తెలియదు. రాత్రి తలదాచుకొన చూరు లేదు. ఇవి రొక్కమిచ్చి కొనదగిన వస్తువులు కావు. మనుష్యుల మూలముననే లభింపవలయును. కావున నతడొక గ్రామపెద్ద నాశ్రయించును. పండుగకు బట్ట పెట్టును. ఆయన కుమారునితో నేస్తము కట్టును. ఉత్తరాంధ్రమున నేస్తము కట్టుట వేడుకమాట కాదు. ఒకమాఱు కట్టినవారు ఒకరి తల్లిదండ్రులను మఱియొకరు తల్లిదండ్రులనియే భావింతురు; శుభమునకును అశుభమునకును రాక తప్పదు. ఇట్లు పరదేశి ఊరివాడగును. వెనుకనుండి మేనల్లుడు వచ్చును, బావమఱది వచ్చును. ఒకడు హుకుంపేట సంతను, ఒకడు ముంచంగిపుట్టు సంతను చూచుకొనును. క్రింద శృంగవరపుకోటలోనో విజయనగరములోనో ఉన్న టోకువర్తకుడు దగ్గఱి చుట్టము గనుక సరకు అరువిచ్చును. కచేరీలోని గుమాస్తా పరిచితుడు గనుక కాగితము త్వరగా కదలును. ఇట్లు పలుదిక్కులనుండి పోగులు చేరి యొక వల యేర్పడుచున్నది. ఆ వలలో వర్తకుని చేతికి పది పోగులు. కొండవాని చేతికి ఒక్కటే పోగు. అది తన నేస్తగాడు.

ఇందు దోషమేమని యడుగువారు గలరు. వారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. బాంకులు లేని కాలమున, రోడ్డు లేని సీమకు ఉప్పు చేర్చినవారు వర్తకులే. వానకాలమున ఇంటిలోని గింజలు నిండుకొని, క్రొత్త పంట యింకను చేతికి రాని దినములలో, తాకట్టు లేక హామీ లేక కుంచెడు గింజ లిచ్చువాడెవడు? మొగమెఱిగినవాడే. పత్రములు లేని లోకమున మొగమే పత్రము. స్నేహము లేక యచ్చట వర్తకము లేదు. వర్తకము లేక యుప్పు లేదు. నేస్తరికమును మొత్తముగా కపటమని నిందించువారు కొండపైని బ్రదుకు నెఱుగనివారు.

అంతేకాదు. మనవారే పరదేశులైన తావులను తలచుకొనిన ఈ విషయము మఱింత స్పష్టపడును. ఫిజీ దీవులకు 1903వ సంవత్సరమునుండి మద్రాసు రేవుమీదుగా తెలుగువారు కూలియొడంబడికపై పోయిరి. చెఱకుతోటలలో ఐదేండ్ల గడువు తీరినపిదప వారికి నిలువ నీడ కావలసివచ్చెను. అచ్చటి భూమిలో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా స్థానికవంశములది. దానిని కౌలుకు పుచ్చుకొనవచ్చును గాని కొనరాదు. పరిచయములే వారికి దిక్కయ్యెను. 1926లో దక్షిణభారతీయులు నాదియందు స్థాపించిన సంగమును, 1941లో తెలుగువా రేర్పఱచుకొనిన ఆంధ్రసంగమును ఆ పరిచయములు క్రమముగా దాల్చిన రూపములే. వారు పాఠశాలలు పెట్టిరి, భాషను నిలుపుకొనిరి. చేతి సొమ్ముతో పోయిన గుజరాతీ వర్తకు లచ్చట అన్నవెంట తమ్ముని, మామవెంట అల్లుని రప్పించుకొని యంగళ్లు పెట్టిరి. నేడు మన యిండ్లనుండి గల్ఫుదేశములకు పోవువారును మొదట నడుగునది యేమి? "అక్కడ మనవాళ్లెవరున్నారు?" అనియే గదా. పరదేశమున తోడు వెదకుకొనుట మనుష్యధర్మము. దాని నెవరును తప్పుపట్టజాలరు.

అయినను ఫిజీకి పోయిన మనవానికిని అరకునకు పోయిన మనవానికిని ఒక గొప్ప భేదము గలదు. ఫిజీలో తెలుగువాడు భూమి కొనజాలక, రాజ్యాధికారము లేక, బలహీనుడై పరిచయమును వెదకెను. కొండపైకి పోయిన వర్తకుని వెనుక క్రిందిసీమ యంతయు నున్నది. కోర్టు అతని భాషలో మాటలాడును. పత్రము అతని లిపిలో నుండును. బలవంతుడు బలహీనునితో కట్టిన నేస్తరికమునకు ఫలమెట్లుండునో చరిత్ర చెప్పుచున్నది.

1879లో గోదావరి మన్యమున రంప పితూరీ పుట్టినప్పుడు కారణములు విచారింపగా, కల్లుపన్నుతోను పోలీసుల బాధతోను కూడ, మైదానపు వర్తకులు అప్పులపై కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పుచ్చుకొని పశువులను పంటలను లాగుకొనిపోయిన సంగతి బయలుపడెను. కొండవానికి కోర్టు ఎచ్చటనో తెలియదు. పిలుపు అందినను చదువనేరడు. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల వడ్డి, భూమి బదిలీ చట్టమును చేసి, కొండజాతివారి ఋణములపై ఏటికి నూటికి 24కు మించిన వడ్డి చెల్లదనియు, చక్రవడ్డి కూడదనియు, మొత్తము వడ్డి అసలును మించరాదనియు విధించెను. వడ్డి యసలుతో సమానమైనపిదప పెరుగరాదను నియమము మన స్మృతులలో ప్రాచీనకాలమునుండియు నున్నదే. శాస్త్రము చదివిన కులములవారే దానిని కొండపై మఱచిరి గనుక పరప్రభుత్వము జ్ఞాపకము చేయవలసివచ్చెను. అప్పు తీర్పలేనివాడు తన దేహమునే కుదువపెట్టి పాలేరైపోవు ఆచారమును తొలగించుటకు 1940లో మఱియొక నిబంధన చేయబడెను. అప్పటికిని భూమి జాఱిపోవుట మానలేదు. స్వరాజ్యము వచ్చినపిదప 1959లో మొదటి నిబంధనయు, 1970లో దానికి సవరణయు వచ్చి, షెడ్యూలు ప్రాంతములలో భూమిని గిరిజనులకును వారి సహకారసంఘములకును తప్ప ఒరులకు బదిలీ చేయరాదని శాసించెను. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనునినుండి వచ్చినదిగానే యెంచవలయుననియు, కాదనువాడే ఋజువు చూపవలయుననియు ఆ సవరణ తీర్మానించెను.

ఈ రెండు తేదీల నడుమ శ్రీకాకుళపు కొండలలో నేమి జరిగినదో పెద్దలకు జ్ఞాపకముండును. పార్వతీపురపు టేజెన్సీలో సావుకార్లయొక్కయు భూస్వాములయొక్కయు పెత్తనము నెదిరించి గిరిజనసంఘ మేర్పడెను. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న యను నిద్దఱు గిరిజనులు కాల్చి చంపబడిరి. తరువాత సావుకార్ల యిండ్లపై దాడులును, ప్రభుత్వదండనములును, రెండువైపుల రక్తపాతమును జరిగెను. ఆ యుద్యమనాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము లిరువురును బడిపంతుళ్లే. హింసామార్గము నంగీకరింపనివారుకూడ ఒక విషయమును గుర్తింపవలసి యున్నది. నేస్తరికముల పేర పుట్టిన అప్పులు ఒకనాడు తుపాకులవఱకు పోయినవన్నచో, ఆ నేస్తరికములలో నేదో లోప మున్నట్లే.

ఆ లోపమేమి? వడ్డి యధికమగుటయే లోపమని పలువురు చెప్పుదురు. నాకు వేఱొకటి తోచుచున్నది. కొంతకాలము నేను కొండపై నొక పాఠశాలలో బోధించితిని. వడ్డిలెక్కలు చెప్పుచు, పుస్తకములోని లెక్కలకంటె ఇంటిలెక్కలు మేలని, ఎవరి యింటి ఖాతాను వారు వ్రాసికొని రమ్మని పిల్లలతో చెప్పితిని. ఒక బాలుని పలక మాత్రము వట్టిదిగా నుండెను. సావుకారు తన తండ్రికి నేస్తగాడనియు, లెక్క అడుగుటకు తండ్రి యొప్పుకొనలేదనియు వాడు చెప్పెను. సంతనాడు ఆ తండ్రియే నాకు కనబడి, తన పెద్దకొడుకునకు జ్వరము ముదిరిన రాత్రి జీపు కట్టించి ఆసుపత్రికి చేర్చినవాడు ఆ సావుకారేయని చెప్పి, "అలాంటోణ్ణి లెక్క చూపమని ఏ నోటితో అడిగేది, పంతులుగారూ?" అనెను.

ఆ మాటలో కృతజ్ఞత గలదు, అది మెచ్చదగినది. సావుకారు నడిరాత్రి చేసిన యుపకారము బూటకము కాదు. అతనికి ఆ పిల్లవానిపై నిజముగా జాలి కలిగియుండును. అయితే ఆ తండ్రి పిప్పళ్లు ఆ సావుకారునకు తప్ప ఇంకొకనికి పోవుట లేదు. వాని వెల సావుకారు చెప్పినదే. ఎంత చెల్లినదో, ఎంత నిలిచినదో సావుకారు పుస్తకమునకే తెలియును. ఒక రాత్రి చేసిన యుపకారము ఎన్నో యేండ్ల లెక్కపై ముసుగు వేసినది. కపటి చేసిన మోసమును కోర్టు పట్టుకొనవచ్చును. మంచివాడు ప్రేమతో కప్పిపెట్టిన లెక్కను ఏ కోర్టును పట్టలేదు. ఇదియే నేను చెప్పదలచిన లోపము. లెక్క అడుగుటయే ద్రోహమగునట్టి నేస్తరికము, వడ్డి సున్న యైనను, బంధనమే.

చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభమును మన పిల్లలందఱును చదివినవారే. అందు వేటగాడు నేలపై నూకలు చల్లును. ఆకలిగొన్న పావురములకు ఆ నూకలు నిజమైన నూకలే. తిన్న నాకలి తీరును. ఆ క్షణమున చూచువానికి వేటగాడు దాతవలెనే కనబడును. హిరణ్యకుడను నెలుక నూకలు పెట్టలేదు, వల కొఱికెను. మిత్రుడెవడో, వేటగాడెవడో తెలిసికొనుటకు పెట్టిన నూకల నెన్నిన చాలదు. పోగు కొఱికినాడా, పోగు పేనినాడా యని చూడవలయును. బేరములోని నేస్తరికమును పరీక్షించుటకును ఇదియే గీటురాయి. నా నేస్తగాడు నాతో బేరము మాని ఇంకొకని యొద్దకు పోవుటకు వానికి త్రోవ యున్నదా? ఆ త్రోవను నేను చూపితినా, మూసితినా? నా పుస్తకమును వాని కొడుకు చదువగలడా? ఈ ప్రశ్నలకు నిర్భయముగా బదులు చెప్పగల వర్తకుడు లాభము పొందినను ధర్మాత్ముడే. బదులు చెప్పజాలనివాడు ప్రతి పండుగకు బట్టలు పెట్టినను వేటగాడే.

ఇది గడచిన కాలపు ముచ్చట యనుకొనరాదు. ఇప్పుడు అరకునకు పర్యాటకులు వేలకొలది వచ్చుచున్నారు. బసలు, భోజనశాలలు, అంగళ్లు పెరుగుచున్నవి. చట్టము భూమి కొననీయదు గనుక మైదానపు సొమ్ము గిరిజనుని పేరును వెదకుచున్నది. కాగితముపై పేరొకరిది, పెత్తన మింకొకరిది. ఇట్టి యేర్పాట్లు ఏజెన్సీలో అందఱెఱిగినవే. వీనికిని నేస్తరికమే పునాది. పూర్వము నేస్తగాడు తన పంట నిచ్చుచుండెను. ఇప్పుడు తన పేరు నిచ్చుచున్నాడు. పంట మరుసటియేట మరల పండును. పేరు ఇచ్చినవాడు తనకు రక్షణగా చేయబడిన చట్టమును తానే విప్పి ఒరునికి కప్పుచున్నాడు. అందులకు ప్రతిఫలముగా కొలదిపాటి నెలసరి సొమ్మో, తన నేలపైని మేడలో కావలివాని కొలువో దొరకును.

పరదేశములలోను ఇట్టివి లేకపోలేదు. ఐక్య అరబ్ ఎమిరేట్లలో 2021 జూన్ వఱకు, స్వేచ్ఛామండలములకు వెలుపల పెట్టిన కంపెనీలలో సాధారణముగా నూటికి 51 పాళ్లు స్థానికపౌరుని పేర నుండవలసియుండెను. అచ్చట పే రిచ్చువాడు రాజ్యపు పౌరుడు. వానికి చట్టము తెలియును, వకీలు గలడు. అవసరమైన తన వాటా తానడిగి పుచ్చుకొనగలడు. పోయిన పరదేశియే వానికి వెఱవవలయును. అరకులో పే రిచ్చినవాడే పరదేశికి వెఱచుచున్నాడు. ఏర్పాటు ఒక్కటియే యైనను బలాబలములు తలక్రిందులైనప్పుడు ధర్మాధర్మములును మాఱుచున్నవి.

కొండపైననే పుట్టి పెరిగిన గిరిజనేతర కుటుంబముల బాధ నిక్కడ చెప్పకుండుట న్యాయము కాదు. తాత వచ్చినాడు, తండ్రి అక్కడనే పుట్టినాడు, తనకు వేఱొక ఊరు లేదు. పిల్లవాని కొఱకు నాలుగు సెంట్ల స్థలము కొనుటకు చట్ట మొప్పుకొనదు. ఇట్టివారిలో అన్యాయ మెఱుగని చిన్న వర్తకులు, పనివాండ్రు పెక్కుమంది గలరు. వారి దుఃఖము నిజమైనది. అయినను వారికి ఘాటుదారి దిగిన పిదప విశాలమైన దేశ మున్నది. కొండవానికి కొండ యొక్కటియే. రెండు నష్టములలో నొకదానిని సహింపక తప్పనప్పుడు వేఱు త్రోవ గలవాడు సహించుట న్యాయము. 1997లో సమత యను సంస్థ వేసిన వ్యాజ్యములో, అనంతగిరి మండలపు బొఱ్ఱా ప్రాంతమున గనుల కౌళ్లను గూర్చి సుప్రీముకోర్టు చెప్పిన తీర్పును ఈ న్యాయముపైననే నిలిచినది: షెడ్యూలు ప్రాంతమున ప్రభుత్వముకూడ తన భూమిని గిరిజనేతరులకు కౌలుకీయరాదు.

చట్టము తలుపు మూయగలదు, త్రోవ చూపజాలదు. 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ నేర్పఱచి, అటవీఫలములను కొనుటకును నిత్యావసరవస్తువుల నమ్ముటకును ప్రభుత్వము పూనుకొనెను. అది గొప్ప కార్యము. కాని కార్యాలయము పండుగకు పిలువదు, నడిరాత్రి జీపు కట్టించదు. కొండవానికి న్యాయమైన వెలతోబాటు తనవాడనదగిన మనుష్యుడుకూడ కావలయును. ఆ మనుష్యుడు క్రిందినుండి రానక్కఱలేదు. కాఫీపంట ఇందులకు నిదర్శనము. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. 2017లో ప్యారిస్ నగరమున దాని పేర అంగడియే తెఱవబడెను. గిరిజనరైతులు సభ్యులైన సహకారసంఘమువారు తమ కాఫీని తామే కూడబెట్టి, గుణము నిర్ణయించి, దూరదేశపు కొనుగోలుదార్లతో సంబంధము కలుపుకొనగలిగిరి. కొండవాని చేతికి ఒక్క పోగు మాఱు పలుపోగులు వచ్చుట యనగా నిదియే. సంతనుండి ప్యారిస్ వఱకు తెలిసినవారున్న రైతునకు ఒక్క సావుకారుతో నేస్తరికము ప్రమాదకరము కాదు. అప్పు డది యుత్త నేస్తరికమే యగును.

ఈ కొండల కుత్తరముగా, పర్లాకిమిడియందు ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చికొనిరి. వర్తకులును కొండభాషలు నేర్చికొందురు. వారు తూకమునకు, వెలకు, బాకీకి కావలసినంత నేర్తురు. పంతులుగారు సవరపిల్లలకు వారి మాటలోనే పాఠములు వ్రాసిరి, బడులు పెట్టించిరి, నిఘంటువు కూర్చిరి. ఆయనయు పరిచయముమీదనే యాధారపడిన పరదేశియే. అయితే ఆయన పరిచయమువలన సవరవాని చేతికి అక్షరము వచ్చెను; అక్షరము వచ్చినవాడు ఎవని పుస్తకమునైనను చదువగలడు.

చదువరులలో పలువురి బంధువులు కొండసీమలలో వర్తకము చేయుచుందురు. కొందఱు అచ్చట పేరొకరిదిగా సొమ్ము పెట్టదలచియుందురు. అందఱి వంటయిండ్లలోను మన్యపు పసుపు, చింతపండు నుండును. వర్తకము మానుడని నేను చెప్పను. నేస్తము కట్టవలదని యంతకంటె చెప్పను. నేస్తగానికి నెలకొకమాఱు లెక్క చదివి వినిపింపుడు. వాని బిడ్డచేత చదివింపుడు. వాని పేరున మీ మేడ కట్టకుడు. వేఱొక సంతలో వెల హెచ్చుగా నున్నదని తెలిసిననాడు ఆ సంగతి మీ నోటనే వానికి చెప్పుడు. ఆ దినమున మీ బేరము కొంత తగ్గును. మరుసటి సంతకు వాడు మీ యంగడికే వచ్చినయెడల, మీరిచ్చిన అప్పునకు వెఱచి కాక, తన యిచ్ఛచేత వచ్చెనని మీకే తెలియును.